సైట్ రీడింగ్ వరం కాదు, సాధన

ఇళయరాజా పాటల రికార్డింగుల్లో వయొలిన్ కళాకారులు అప్పుడే చేతికందిన స్టాఫ్ నొటేషన్‌ను చూసి వాయించేవారు. దీన్నే సైట్ రీడింగ్ అంటారు. పాశ్చాత్య సంగీతం చదివే విశ్వవిద్యాలయ విద్యార్థుల్లో చాలామందికి ఇదంటే భయం. అది పుట్టుకతో రావాలన్న నమ్మకం ఆ భయాన్ని ఇంకా పెంచుతుంది.

పరిశోధనలు మాత్రం వేరే సంగతి చెబుతున్నాయి. బ్రిటన్ మనోవైజ్ఞానికుడు జాన్ స్లొబోడా 1974లో ఒక ప్రయోగ ఫలితాలు ప్రచురించారు. కళాకారులు వాయిస్తుండగా నొటేషన్ హఠాత్తుగా మాయమయ్యేది. బాగా చదవగలవారు ఆ తర్వాత కూడా 7 స్వరాల దాకా సరిగ్గా వాయించారు. తడబడేవారు 3, 4 స్వరాలతోనే ఆగిపోయారు. చేతికంటే కన్ను ఎంత ముందుంటే చదువు అంత సాఫీగా సాగుతుందన్నమాట. అక్షరం అక్షరం కూడబలుక్కునే పిల్లలకూ, పదం మొత్తం ఒక్క చూపులో అందుకునే పెద్దలకూ ఉన్న తేడా లాంటిదే ఇది.

2010లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనంలో 57 మంది పియానో కళాకారులను పరీక్షించారు. వారి సైట్ రీడింగ్ సామర్థ్యంలోని తేడాల్లో దాదాపు సగానికి సాధనతో సంబంధం ఉన్నట్టు తేలింది. వర్కింగ్ మెమరీ ప్రభావమూ కనిపించింది, కానీ అది చాలా తక్కువ.

అయితే ఒకే రచనను నెలల తరబడి మెరుగుపెడితే ఈ సాధన కాదు. అప్పుడు వాయించేది కన్ను కాదు, జ్ఞాపకం. రోజూ పది నిమిషాలు, ఎన్నడూ చూడని తేలికైన రచన ముందుండాలి. తప్పు దొర్లినా లయ ఆగకూడదు. తోటివారితో కలిసి వాయిస్తే ఆగే వీలే ఉండదు. పరీక్షలో మార్కులు వేసే విద్యకు టైమ్‌టేబుల్‌లోనూ చోటివ్వాలి. నేర్పకుండా పరీక్షించి, రానివారికి ప్రతిభ లేదనడం అన్యాయం.