‘స్పెక్టర్’ ఎవరి పక్షం?

జేమ్స్ బాండ్ చిత్రాలను గురించి ఈ పత్రికలో వ్యాసమేమిటని కొందరు మిత్రులు నొసలు చిట్లించవచ్చు. అవి సామ్రాజ్యవాద ప్రచారమనీ, వాటిని గురించి చెప్పవలసినదంతా ఆ ఒక్క మాటలోనే వున్నదనీ వారి అభిప్రాయం. ఆ మాట అబద్ధం కాదు. కాని ఒక్క మాటతో తేల్చివేసినదాన్ని మనం మళ్ళీ చూడము. మనం చూడనిదాన్ని మన విద్యార్థులు చూస్తారు. మొన్న మా కళాశాలలో డిగ్రీ రెండవ సంవత్సరం చదివే కుర్రవాడొకడు నా దగ్గరకు వచ్చాడు. రాజకీయాలు శ్రద్ధగా చదువుకుంటున్నవాడే. “సార్, బాండ్ సినిమాల్లో ‘స్పెక్టర్’ ఒక్కటి మన పక్షాన వుందండీ. ప్రజల మీద ప్రభుత్వం పెట్టే నిఘాను అది ఎదిరించింది” అన్నాడు.

ఈ అభిప్రాయం అతనొక్కడిదే కాదు. 2015లో ఆ చిత్రం వచ్చినప్పుడు బాగా చదువుకున్నవాళ్ళు కూడా కొందరు ఇదే అన్నారు. చిత్రం బాగుండలేదన్నవాళ్ళు చెప్పిన కారణాలు వేరు. నిడివి ఎక్కువైందన్నారు; రెండవ సగం నీరసించిందన్నారు; అదే దర్శకుడు శాం మెండెస్ 2012లో తీసిన ‘స్కైఫాల్’తో పోల్చి పెదవి విరిచారు. ఇవన్నీ నిజమే. 148 నిమిషాల చిత్రంలో చివరి గంటసేపు నాకూ కునుకు పట్టింది. అయితే ఆ నీరసానికి మూలం కథావస్తువులోనే వున్నది. వస్తువు దగ్గర అబద్ధమాడినవాడికి శిల్పం అక్కరకు రాదు.

వస్తువు ఎక్కడిదో ముందు చూద్దాం. 2013 జూన్‌లో ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన కాగితాల వల్ల ఒక సంగతి లోకానికి తెలిసింది. అమెరికా వారి ఎన్.ఎస్.ఏ., బ్రిటన్ వారి జి.సి.హెచ్.క్యూ. కలిసి కోట్లాది మామూలు మనుషుల సంభాషణలనూ ఉత్తరప్రత్యుత్తరాలనూ మూటగట్టుకుంటున్నాయి. బ్రిటన్ సంస్థ సముద్రగర్భంలోని తీగలకే గండి పెట్టింది. 1946లో ఈ రెండు దేశాలూ రహస్యంగా చేసుకున్న ఒప్పందంలో తరువాత కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ చేరాయి. దానికి ‘ఐదు కళ్ళు’ అని పేరు. ఈ పని చేసింది దొంగలముఠా కాదు. ఎన్నికలూ చట్టసభలూ న్యాయస్థానాలూ వున్న ప్రభుత్వాలు. ప్రజాస్వామ్యానికి తామే పుట్టిల్లని చెప్పుకొనే ప్రభుత్వాలు.

చిత్రనిర్మాతలు ఈ వస్తువును తీసుకున్నారు. ఐదు కళ్ళను తొమ్మిది చేశారు. బ్రిటిష్ గూఢచారి శాఖలు రెండింటినీ కలిపివేసి, తొమ్మిది దేశాల నిఘాను ఒక్క గొట్టంలోకి మళ్ళించాలని ‘సి’ అనే కొత్త అధికారి ప్రయత్నిస్తుంటాడు. దక్షిణాఫ్రికా ఒప్పుకోదు, వెంటనే కేప్‌టౌన్‌లో బాంబు పేలుతుంది, దక్షిణాఫ్రికా ఒప్పుకుంటుంది. ఇంతవరకు కథ బాగానే వున్నది. భయాన్ని పెంచి ప్రజల చేత హక్కులు వదిలింపజేసే పద్ధతిని ఇంత సూటిగా చూపిన వ్యాపార చిత్రాలు తక్కువ. నా విద్యార్థి మనసు ఇక్కడే పడిపోయి వుంటుంది. నేనతన్ని తప్పు పట్టను.

కాని బాంబు పేల్చిందెవరు? స్పెక్టర్ అనే నేరగాళ్ళ ముఠా. ‘సి’ ఎవరు? ఆ ముఠా మనిషి. ముఠానాయకుడు బ్లోఫెల్డ్ ఎవరు? ఇక్కడే కథకులు తమ అసలు విద్య చూపించారు. తల్లిదండ్రులు పోయిన బాండ్‌ను చిన్నప్పుడు ఆస్ట్రియాలో ఒకాయన చేరదీశాడట. ఆయన కొడుకే ఈ బ్లోఫెల్డ్. తండ్రి ప్రేమ పరాయి పిల్లవాడి పాలైందన్న అసూయతో తండ్రిని చంపి, తానూ చచ్చినట్లు నటించి, పెరిగి పెద్దవాడై ప్రపంచాన్ని గుప్పిట పట్టాడు. ఇన్నాళ్ళూ బాండ్ పడ్డ బాధలన్నిటికీ కర్తను తానేనని చెప్పుకుంటాడు.

మనం దీన్ని దాయాది పోరు అంటాం. భారతమూ దాయాది పోరే కదా అని ఎవరైనా అడగవచ్చు. అక్కడ అన్నదమ్ముల పిల్లల తగాదాగా మొదలైనది రాజ్యమెవరిది, ధర్మమేది అన్న ప్రశ్న అయి, ఒక జాతి మొత్తాన్ని రణరంగంలోకి ఈడ్చింది. ఇల్లు పెరిగి లోకమయింది. ‘స్పెక్టర్’లో లోకం కుంచించుకుపోయి ఇల్లయింది. దేశాల మీద నిఘా, బాంబులు, చట్టాలు అన్నీ చివరకు ఒక కొడుకు అలక. ప్రతినాయకుడి శౌర్యాన్ని కూడా వర్ణించి, వాడిని గెలవడం వల్ల నాయకుడి గొప్పతనం హెచ్చుతుందని దండి ఏనాడో చెప్పాడు. ఈ బ్లోఫెల్డ్ అలిగిన పిల్లవాడు. క్రిస్టఫ్ వాల్ట్స్ వంటి నటుడు కూడా ఆ అలకకు బరువు తేలేకపోయాడు. వాడు బాండ్ తలలోకి సన్నని మరసూదులు దించి, జ్ఞాపకాలు పోతాయని బెదిరిస్తాడు. బాండ్ లేచి నాలుగడుగులు వేసి, ఎవరినీ మరచిపోకుండా, గురి తప్పకుండా అందరినీ కాలుస్తాడు. ఆ సూదులెందుకు దించినట్లో దర్శకుడికే తెలియాలి.

నాకు కోపం తెప్పించినది ఇంతకంటె పెద్దది. 2008లో ‘క్వాంటం ఆఫ్ సొలేస్’ అనే బాండ్ చిత్రం వచ్చింది. అది చిత్రంగా అతుకుల బొంత. హాలీవుడ్ రచయితల సమ్మె కాలంలో తయారైనది. రచయితలు లేక నటుడూ దర్శకుడూ కూర్చుని సన్నివేశాలు రాసుకున్నామని నటుడు డేనియల్ క్రెయిగే తరువాత చెప్పాడు. (సమ్మె ఎంత పనిచేస్తుందో తెలియాలంటే ఆ చిత్రం ఒకసారి చూడవచ్చు.) అయినా దానిలో ఒక నిజం వున్నది. ప్రకృతి పరిరక్షకుడి వేషం వేసిన ఒక వ్యాపారి బొలీవియాలో నీటిని భూగర్భంలో బంధిస్తాడు. సైనిక కుట్రదారుతో బేరం కుదుర్చుకుంటాడు. సి.ఐ.ఏ. ఆ బేరానికి కన్ను గీటుతుంది. చమురు కావాలంటే మంచివాళ్ళతోనే వ్యాపారం చేయడం కుదరదని బ్రిటిష్ మంత్రి నచ్చజెబుతాడు. బొలీవియాలో నీటి తగాదా గాలిలోంచి పుట్టింది కాదు. 2000లో కొచబాంబా పట్టణంలో నీటి సరఫరాను బెక్‌టెల్ కంపెనీ భాగస్వామిగా వున్న సంస్థకు కట్టబెట్టి రేట్లు పెంచితే, జనం వీధుల్లోకి వచ్చి పోరాడి ఆ ఒప్పందాన్ని రద్దు చేయించారు.

‘స్పెక్టర్’ ఏం చేసిందంటే, ఏడేళ్ళ తరువాత వెనక్కి వెళ్ళి ఆ నిజాన్ని కూడా చెరిపివేసింది. ఆ నీళ్ళ వ్యాపారి కూడా బ్లోఫెల్డ్ మనిషేనట! బొలీవియా రైతు గొంతు ఎండినది కంపెనీ లాభం కోసం కాదట, సి.ఐ.ఏ. లెక్కల కోసం కాదట, ఒక ఆస్ట్రియా కుర్రవాడికి బాండ్ మీద వున్న కసి వల్లనట. ఒక్క చిత్రం చెడితే చెడింది. ముందు చిత్రాల్లో పొరపాటున దొర్లిన నిజాలను కూడా వెతికి పట్టుకుని చంపే చిత్రాన్ని ఏమనాలి?

ఈ ముఠా పుట్టుక కూడా తెలుసుకోదగినది. ఇయన్ ఫ్లెమింగ్ నవలల్లో మొదట శత్రువు సోవియట్ దేశమే. 1957 నాటి ‘ఫ్రం రష్యా విత్ లవ్’ నవలలో కుట్ర పన్నేది సోవియట్ గూఢచారి సంస్థ. 1963లో చిత్రం తీసినప్పుడు దాన్ని స్పెక్టర్ చేశారు. అంతకు ముందటి సంవత్సరం ‘డాక్టర్ నో’లోనూ అదే పని చేశారు. అన్ని దేశాల్లోనూ టిక్కెట్లు అమ్ముకోవలసిన సరుకుకు ఏ దేశమూ కాని శత్రువు కావాలి. ఏ రాజ్యానికీ, ఏ వర్గానికీ చెందని దుర్మార్గమన్నమాట! 1971 తరువాత ఈ ముఠా అధికార బాండ్ చిత్రాల్లో పేరుతో కనిపించదు. ఇందుకు సిద్ధాంతం కారణం కాదు, ఆస్తి తగాదా. ‘థండర్‌బాల్’ కథ తాము ముగ్గురం కలిసి రాసినదని కెవిన్ మెక్‌క్లోరీ అనే ఆయన ఫ్లెమింగ్ మీద దావా వేశాడు. ఆ హక్కుల పేచీ ఆయన పోయిన తరువాత 2013 నవంబరులో గాని తేలలేదు. తేలగానే, చేతికి వచ్చిన సరుకును బజారులో పెట్టడానికి ‘స్పెక్టర్’ తీశారు. ఈ కథ ఎందుకు పుట్టిందని అడిగితే, దస్తావేజు కుదిరింది గనుక పుట్టిందని చెప్పవలసి వుంటుంది.

ఇక మెక్సికో సంగతి. చిత్రం మొదట్లో మెక్సికో నగరంలో మృతుల పండుగ ఊరేగింపు చూపిస్తారు. అస్థిపంజరాల వేషాలు, పూలు, జనసముద్రం. కెమెరా కోత లేనట్లు జారుతూ పోతుంది. మెచ్చుకోనివాడు లేడు, నేనూ మెచ్చుకున్నాను. అయితే అటువంటి ఊరేగింపు ఆ నగరంలో అంతకు ముందు లేదు. సినిమా కల్పించింది. 2016లో ఆ నగరంవాళ్ళు సినిమాను చూసి నిజంగా ఊరేగింపు మొదలుపెట్టారు. 2014 చివర సోనీ కంపెనీ ఉత్తరాలు దొంగిలింపబడి బయటికి వచ్చినప్పుడు, మెక్సికో ఇచ్చే కోట్ల డాలర్ల రాయితీల కోసం కథలో మార్పులు ఆలోచించారని పత్రికలు రాశాయి: మొదట చచ్చే దుర్మార్గుడు మెక్సికోవాడు కారాదు, నగరం అందంగా కనిపించాలి.

ఆ రోజుల్లో మెక్సికోకు అందం ఎందుకంత అవసరమయింది? 2014 సెప్టెంబరు 26 రాత్రి ఇగ్వాలా పట్టణంలో అయోత్సినాపా ఉపాధ్యాయ శిక్షణ కళాశాల విద్యార్థులను పోలీసులు పట్టుకుపోయారు. 43 మంది కనబడకుండా పోయారు. పల్లెటూళ్ళ బడుల్లో పంతుళ్ళు కావలసిన పేదపిల్లలు. తల్లిదండ్రులు వాళ్ళ ఫోటోలు పట్టుకుని రాజధాని వీధుల్లో తిరుగుతున్న కాలంలోనే, 2015 వసంతంలో, ఆ వీధుల్లో బాండ్ అస్థిపంజరం ముసుగు వేసుకుని నడిచాడు. ఆ విద్యార్థుల కేసును విచారించిన అంతర్జాతీయ నిపుణుల ఫోను మీదే పెగాసస్ ప్రయోగం జరిగిందని 2017లో కెనడాలోని సిటిజన్ ల్యాబ్ వెల్లడించింది. అది రాజ్యం చేసిన నేరమని 2022లో మెక్సికో ప్రభుత్వం నియమించిన కమిషనే ఒప్పుకున్నది. నిఘాను ఎదిరించిన చిత్రమంటున్నారు! నిఘా ఎవరు ఎవరి మీద పెడతారో ఆ వీధిలోనే రాసి వున్నది. కెమెరా దాన్ని తప్పించుకుని మేడల మీదికి ఎక్కింది.

వినోదం కోసం తీసిన దానిలో ఇన్ని వెతకడమెందుకని కొందరంటారు. 1966లో ‘గూఢచారి 116’ చూసి ఈలలు వేసినవాళ్ళ పిల్లలం మనం. వినోదం మనకూ తెలుసు. నిఘాను కథలోకి తెచ్చింది మనం కాదు, వాళ్ళు. తెచ్చిన తరువాత జవాబు చెప్పవద్దా?

వాళ్ళు చెప్పిన జవాబు చూడండి. యంత్రంతో అందరినీ కనిపెట్టే ‘సి’ చెడ్డవాడు. ఎదుటి మనిషి కళ్ళలోకి చూసి చంపేవాడు మంచివాడు. చంపడానికి అనుమతి అంటే చంపకుండా వుండడానికి కూడా అనుమతి అని బాండ్ పై అధికారి ‘ఎం’ చెబుతాడు. ఆ అనుమతి ఇవ్వడానికి వీళ్ళెవరన్న ప్రశ్న ఎవరి నోటా రాదు. రహస్య పోలీసు వుండాలా వద్దా అన్న చోట, పాత రహస్య పోలీసా కొత్త రహస్య పోలీసా అని అడిగి, పాతవాణ్ణి మన చేత గెలిపిస్తారు. చివరకు ‘సి’ మేడ మీదినుంచి పడి చస్తాడు. తొమ్మిది కళ్ళూ మూసుకుంటాయి.

చిత్రం లండన్‌లో 2015 అక్టోబరు 26న విడుదలయింది. తొమ్మిది రోజుల తరువాత, నవంబరు 4న, బ్రిటిష్ హోంమంత్రి థెరిసా మే కొత్త నిఘా చట్టం ముసాయిదాను పార్లమెంటు ముందు పెట్టింది. మరుసటి సంవత్సరం నవంబరులో అది చట్టమయింది. పౌరులు ఏ ఏ సైట్లకు పోయారో ఆ వివరాలను పన్నెండు నెలలు దాచిపెట్టేటట్లు కంపెనీలను ఆదేశించే అధికారం దానిలో వున్నది. ఏ బ్లోఫెల్డూ అవసరం లేకపోయింది. సభ్యులు చేతులెత్తారు, రాణి సమ్మతించింది. స్నోడెన్ బయటపెట్టిన నిఘా పద్ధతి వ్యక్తి జీవిత హక్కును భంగపరచిందని యూరపు మానవహక్కుల న్యాయస్థానం 2018లో ఒకసారి, 2021లో మరొకసారి తీర్పు చెప్పింది. ఆ దావా వేసిన పౌరసంఘాల వంటి పాత్ర ఒక్కటీ చిత్రంలో లేదు. జనం అన్నవాళ్ళు ఊరేగింపులో వేషాలకు తప్ప ఎక్కడా కనిపించరు.

మన దేశానికి ఆ చిత్రం 2015 నవంబరు 20న వచ్చింది. సెన్సారువారు కత్తెర పట్టారు. బాండ్ ముద్దుల నిడివిని సగానికి తగ్గించారు. ‘సంస్కారి జేమ్స్ బాండ్’ అని దేశమంతా నవ్వుకున్నారు. పత్రికల్లో వారంరోజులపాటు చర్చ, ముద్దు ఎన్ని సెకన్లు వుండవచ్చునని. ఆ ఏడాది వేసవి తరువాతే, ఆధార్ కేసులో, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు కాదని భారత ప్రభుత్వం తరఫున అటార్నీ జనరల్ సుప్రీంకోర్టులో వాదించాడు. అది ప్రాథమిక హక్కేనని తొమ్మిదిమంది న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న తేల్చేదాకా రెండేళ్ళు పట్టింది. కొత్త నిఘాశాఖ కార్యాలయం, గోడ నిండా తెరలు, ఆ తెరల మీద మనుషుల ముఖాలు వున్న దృశ్యాల మీద సెన్సారువారు కత్తెర వేసినట్లు ఎవరూ చెప్పలేదు.

ఇదంతా విని నా విద్యార్థి, “అయితే చూడవద్దంటారా, సార్?” అన్నాడు. చూడమనే చెప్పాను. మొదటి పది నిమిషాలు రెండుసార్లు చూడమన్నాను. ఆ 43 మంది ఫోటోలు దగ్గర పెట్టుకుని చూడమన్నాను.