ధాన్యం ఎత్తాక రాళ్ళు కూడా ఎత్తేద్దాం

ఈరోజు పంట గురించి కాదు, రోడ్డు గురించి రాస్తున్నాను. పోస్టు కొంచెం పెద్దదే. కొంతమందికి కోపం కూడా రావచ్చు. తిట్టండి, కానీ చివరిదాకా చదివి తిట్టండి.

చలికాలం వస్తే ఆదివారం తెల్లారకముందే మన ఎస్.కోట మీదుగా సైకిళ్ళు గుంపులుగా వెళ్తుంటాయి, మీరూ చూసే ఉంటారు. తలకి హెల్మెట్టు, ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు. విశాఖపట్నంలో చీకటితో బయల్దేరి, యాభై కిలోమీటర్లు తొక్కుకొచ్చి, ఇక్కడ టిఫిన్ చేసి కొండెక్కుతారు. మనం టీ బడ్డీ దగ్గర కూర్చుని "వీళ్ళకి పనీపాటా లేదేటి" అని నవ్వుకుంటాం. నేనూ నవ్వినోడినే.

ఇంత దూరం ఇక్కడికే ఎందుకొస్తారని ఒకాయన్ని అడిగితే మన దారులన్నీ నాకే వరసగా చెప్పాడు. ఒకటి పైకి పోయేది. బొడ్డవర, కాశీపట్నం దాటాక ఘాటు మొదలు, ట్యాడ, డముకు, అనంతగిరి, సుంకరమెట్ట మీదుగా అరకు. అరకు 900 మీటర్ల ఎత్తున ఉంది, రైలు దారిలో శిమిలిగూడ స్టేషనైతే దాదాపు వెయ్యి మీటర్లు. రెండోది తాటిపూడి వైపు, చుట్టూ కొండలు, మధ్యన నీళ్ళు, అక్కణ్ణించి గంట్యాడ. మూడోది గోస్తని వెంట కిందికి, జామి, పద్మనాభం మీదుగా భీమిలిలో సముద్రం దాకా. బొర్రా గుహల దగ్గర పుట్టిన ఏరు సముద్రంలో కలిసేదాకా సైకిలు మీద చూడొచ్చు అన్నాడు. ఆ ఏటి నీళ్ళతో, 1960ల్లో కట్టిన తాటిపూడి రిజర్వాయరు కింద 15 వేల ఎకరాల పైచిలుకు ఆయకట్టు ఉంది, విశాఖకి తాగునీరూ వెళ్తుంది. ఇన్నేళ్ళుగా ఆ నీళ్ళు వాడుకుంటున్నా ఆ దారిని నేనెప్పుడూ అలా చూడలేదు.

వాళ్ళలో కొందరు బ్రెవే అనే సవారీ చేస్తారట. ఫ్రాన్సు నుంచి వచ్చిన పద్ధతి. పోటీ కాదు, మొదటి బహుమతి ఉండదు. 200 కిలోమీటర్లయితే 13న్నర గంటల్లో, 300 అయితే 20 గంటల్లో పూర్తి చెయ్యాలి. అందుకే రాత్రిపూట కూడా తొక్కుతారు.

ఇప్పుడు అసలు విషయం. వాళ్ళు ఎక్కువగా వచ్చేది నవంబరు నుంచి జనవరి దాకా. అరకు కార్లు బారులు తీరేదీ అప్పుడే. మంచు పట్టేదీ అప్పుడే. మన వరి కోతలూ, నూర్పులూ అప్పుడే. అంటే మనం ధాన్యం రోడ్డు మీద పోసేదీ, చుట్టూ రాళ్ళు పేర్చేదీ సరిగ్గా ఆ రెండు మూడు నెలల్లోనే.

ఎందుకు పోస్తున్నామో మనకి తెలుసు, బయటివాళ్ళకే తెలీదు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు. మిషనుతో కోసిన ధాన్యం పచ్చిగా వస్తుంది. పూర్వం ప్రతి రైతుకీ ఒక కళ్ళం ఉండేది. అవి ఇళ్ళస్థలాలయ్యాయి, తోటలయ్యాయి. మబ్బు పడితే గుండెలు జారిపోతాయి. తారు రోడ్డు తొందరగా వేడెక్కుతుంది, అందుకే అక్కడ పోస్తాం. సరదాకి కాదు.

కానీ మొన్న సంక్రాంతికి ముందు జరిగింది చెప్తాను. సాయంత్రం ధాన్యం ఎత్తేశాను. బస్తాలు ఇంటికి చేర్చేసరికి రాత్రయింది. రాళ్ళు ఉండిపోయాయి. ఎలాగూ రేపు మళ్ళీ ఆరబొయ్యాలి కదా అనుకున్నాను. తెల్లవారుజామున మంచులో మా ఊరి మావ ఒకాయన సైకిలుకి రెండు పాల క్యాన్లు తగిలించుకుని పోతూ రాయికి కొట్టుకుని పడ్డాడు. కుడి చెయ్యి విరిగింది. నేను వెళ్ళేసరికి వెనకొచ్చిన ఇద్దరు పట్నం సైకిలువాళ్ళు ఆయన్ని కూర్చోబెట్టి, వాళ్ళ సంచిలో బ్యాండేజీ తీసి కట్టు కడుతున్నారు. అందులో ఒకమ్మాయి తలెత్తి "ఈ రాళ్ళు ఎవరివండీ?" అంది.

"తెలీదమ్మా" అన్నాను.

మావకి తెలుసు అవి నావేనని. నా మొహం చూశాడు, ఏమీ అనలేదు. రెండు నెలలు గేదెల పాలు ఆయన కోడలు పిండింది. ఆస్పత్రి ఖర్చు నేనే పెట్టుకున్నాను. ఆ "తెలీదు" అన్న మాట మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటోంది. ఈ పోస్టు రాయడానికి కారణం అదే.

"వాళ్ళు సరదాకొస్తారు, మనం బతుకు కోసం పోస్తాం, వాళ్ళ కోసం మనమెందుకు మారాలి" అని మీరు అడుగుతారు. వాళ్ళ కోసం మారమని నేననను. లెక్క చూడండి. పట్నంవాడి సైకిలుకి మంచి లైటుంది, నెత్తిన హెల్మెట్టుంది. మన పాలవాడికి, కూలికి పోయే తాతకి, ట్యూషనుకి పోయే ఆడగుంటకి అవేవీ లేవు. ప్రభుత్వం బడికొస్తా పథకంలో ఆడపిల్లలకి సైకిళ్ళిచ్చింది. బీహార్లో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిలు పథకం పెడితే హైస్కూల్లో చేరే పిల్లలు బాగా పెరిగారని పరిశోధన చేసినవాళ్ళు తేల్చారు. సైకిలు ఉంటే సరిపోదు కదా, దారి కూడా ఉండాలి. పట్నంవాళ్ళకి ఏ దారి మంచిదో, మన పిల్లలు బడికి పోయే దారీ అదే.

ఇంకో మాట. అరకు పోయే కారు మన ఊళ్ళలో ఆగదు. సైకిలువాడు ఆగక తప్పదు, వాడికి నీళ్ళు కావాలి, తిండి కావాలి. వాడు కొనే రెండు ఇడ్లీలతో, నాలుగు జామకాయలతో మన అప్పులు తీరవు. కానీ బడ్డీ పెట్టుకున్న ఆడమనిషికి ఆదివారం పూట అదీ ఒక బేరమే.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షను ప్రకారం దారికి అడ్డం పెట్టి ప్రమాదం తెస్తే 5 వేల రూపాయల దాకా జరిమానా వెయ్యొచ్చు. మనకీ నష్టమే. చక్రాల కింద పడిన గింజ చిట్లి మిల్లులో నూకవుతుంది, మట్టీ ఇసకా కలుస్తాయి.

అందుకని నేను ఈ ఏడు నుంచి పాటించేవి చెప్తాను, మీకు నచ్చితే మీరూ పాటించండి.

మలుపులో, కల్వర్టు మీద, వాలు రోడ్డులో ఆరబొయ్యొద్దు. దూరం నుంచి కనపడే తిన్నని చోటే, అదీ ఒక పక్కనే.

రాళ్ళు పెట్టొద్దు. ఊక నింపిన పాత సంచులు పెట్టి, ఎర్రగుడ్డ కట్టండి. బండి తగిలినా మనిషి పోడు.

పొద్దు గూకేలోపు ధాన్యంతో పాటు సంచులూ ఎత్తెయ్యాలి. రేపు మళ్ళీ పొయ్యాలన్నా సరే.

ఇది మన వంతు. ప్రభుత్వం వంతు కూడా ఉంది. ప్రతి పంచాయతీకి ఒక సిమెంటు కళ్ళం కావాలి. తెలంగాణలో ఉపాధి హామీ కింద కళ్ళాలు కడితే కేంద్రానికీ రాష్ట్రానికీ పేచీ వచ్చింది. ఏ పద్దులో కట్టాలో వాళ్ళు తేల్చుకోవాలి, గ్రామసభలో అడగడం మన పని. అలాగే విజయనగరం నుంచి మన ఎస్.కోట మీదుగా అరకు పోయే 516-ఈ జాతీయ రహదారి పక్కన మట్టిని తారుకి సమంగా కట్టమని అడగాలి. అంచు దిగితే సైకిలు పడిపోయే రోడ్డు మీద లారీకి ఎవడు పక్కకి తప్పుకుంటాడు?

మన రాళ్ళు మనం తీస్తేనే ఆ మాట గట్టిగా అడగగలం. మావ మళ్ళీ సైకిలు ఎక్కాడు. రోజూ తెల్లారి ఆ చోటుకొచ్చేసరికి కొంచెం నెమ్మదిస్తాడు. అక్కడ ఇప్పుడు రాళ్ళు లేవని తెలిసినా సరే.

మీ ఊళ్ళో ధాన్యం ఎక్కడ ఆరబోస్తున్నారో, కళ్ళం ఉందో లేదో రాయండి. అన్నీ కలిపి ఒక అర్జీ రాద్దాం.