కొండ మెట్లెక్కే కష్టానికి కూలి కట్టాలి



గ్యాస్ బండ తెచ్చే కుర్రాళ్లు బిల్లుకు మించి డబ్బులు అడుగుతున్నారన్న ఫిర్యాదు మన ఊళ్లో తరచూ వినిపిస్తుంది. నిబంధన ప్రకారం ఆ ఫిర్యాదు సబబే. ఎన్నో అంతస్తయినా బండను గుమ్మం దాకా చేర్చే బాధ్యత ఏజెన్సీది. ఆ ఖర్చు బిల్లులోనే కలిసి ఉంటుంది. గోదాముకు వెళ్లి మనమే తెచ్చుకుంటే ఆ మేరకు తగ్గించాలి కూడా. అయితే విజయవాడ కొండల మీద కాపురముండే మాలాంటివాళ్లకు ఈ వ్యవహారంలో రెండో వైపు కూడా తెలుసు.

మొగల్రాజపురం, విద్యాధరపురం, వన్‌టౌన్ కొండల మీద చాలా ఇళ్లకు మెట్లే దారి. ట్రాలీ ఆటో కింద రోడ్డు మీదే ఆగిపోతుంది. బండలో గ్యాసు 14.2 కిలోలు, ఇనుము బరువు కూడా కలిపితే దాదాపు 30 కిలోలు. దాన్ని దొర్లించకూడదు, పడేయకూడదు. మడత పెట్టిన తువ్వాలు భుజాన వేసుకుని, ఒక చేత్తో బండను, రెండో చేత్తో గోడను పట్టుకుని ఎక్కాల్సిందే. బిందెతో ఎవరైనా ఎదురొస్తే బరువు దించకుండానే పక్కకు ఒదగాలి. పైకి చేరాక సీలు చూపాలి, అడిగితే తూకం వేయాలి, లీకు లేదని చూడాలి, ఓటీపీ చెప్పించుకోవాలి. ఓటీపీ వచ్చే ఫోను, పనికి వెళ్లిన ఇంటాయన దగ్గరుంటే, ఆయన ఎత్తేదాకా అక్కడే పడిగాపులు. ఆపైన ఖాళీ బండ మోసుకుంటూ దిగాలి. ఇక మే నెలలో బెజవాడ ఎండ గురించి చెప్పనక్కర్లేదు.

మా పేటకు బండలు తెచ్చే అతనికి బండకింత అని కూలి కడతారు. రోడ్డు పక్క ఇంటికి వేసినా, కొండ కొసన ఇంటికి మోసినా చేతికొచ్చేది ఒకటే. అందుకే ఇల్లాలిని నాలుగు డబ్బులు ఎక్కువ అడుగుతాడు. ఆమె నాలుగిళ్లలో పాచిపని చేసుకుని బతికే మనిషి. గుమ్మం ముందు ఇద్దరు కష్టజీవులు మాటామాటా అనుకుంటారు. ఏజెన్సీ మాత్రం ఆ గొడవలో ఎక్కడా కనబడదు.

ఇష్టపడి ఇస్తే తప్పేముందని కొందరంటారు. తప్పులేదు. కానీ ఇష్టంగా మొదలైంది మామూలుగా మారితే, ఇచ్చుకోలేని ఇంటి బండ మెట్ల దగ్గరే ఉండిపోతుంది. అప్పుడు దాన్ని పైకి మోసేది ఆ ఇంటి ఆడవాళ్లే.

చమురు కంపెనీలు ఏజెన్సీలకిచ్చే కమీషన్‌లో బండ చేరవేతకు విడిగా కొంత సొమ్ము ఉంటుంది. ఏజెన్సీలు మెట్ల దారి ఇళ్లను గుర్తించి, ఆ సొమ్ములోంచి అక్కడికి మోసినందుకు ఎక్కువ కూలి కట్టాలి. చాలకపోతే కంపెనీలే ఆ తేడా భరించాలి. మోసేవారికి ప్రమాద బీమా ఉందో లేదో పౌర సరఫరాల అధికారులు తనిఖీ చేయాలి.

తోటి వినియోగదారులకు ఒక మనవి. బండ వచ్చే రోజున ఖాళీ బండ గుమ్మం దగ్గర, ఓటీపీ చేతిలో సిద్ధంగా ఉంచండి. వచ్చినతనికి కాసిని మంచినీళ్లివ్వండి. అదనపు వసూలు మీద ఫిర్యాదు ఉంటే ఏజెన్సీని నిలదీయండి. మోసుకొచ్చినవాడి మీద విరుచుకుపడితే మన డబ్బూ మిగలదు, అతని కష్టమూ తీరదు.

– ఒక పాఠకురాలు,
మొగల్రాజపురం, విజయవాడ