అడిగినది ప్రశ్న, వచ్చినది సలహా

దానములన్నింటిలో సులభమైనది సలహాదానము. ఇచ్చువానికి వ్యయము లేదు; పుచ్చుకొనువాని సమ్మతితో పని లేదు. సామాన్యవిషయములలో దీనివలన కలుగు నష్టము కొంత కాలహరణము మాత్రమే. కాని ప్రాణసంకటమున నుండి ప్రశ్న నడుగువానికి, అడుగని సలహాలిచ్చి ఆ ప్రశ్ననే మరపించుట గొప్ప అపకారము. మన ఉద్దానమునకు ముప్పది యేండ్లుగా జరుగుచున్న అపకార మిదియే.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతములందు కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో పచ్చగా నుండు తీరభూమి ఉద్దానము. 1990 దశాబ్దము నుండి ఇచ్చటి మూత్రపిండముల వ్యాధి వైద్యుల దృష్టి నాకర్షించుచున్నది. మధుమేహమో రక్తపుపోటో కారణమని చెప్పుటకు వీలులేని రోగులు ఇచ్చట అనేకులు. వారిలో పెక్కుమంది ఎండలో శ్రమించు రైతులు, కూలీలు. వారి ప్రశ్న యొక్కటే: ‘‘ఈ జబ్బు మాకే యేల వచ్చుచున్నది?’’ నీటిలోని సిలికా యని కొందరు, లోహములని కొందరు, పురుగుమందులని కొందరు, ఎండలో చెమటోడ్చి తగినంత నీరు త్రాగకపోవుట యని మరికొందరు వాదించిరి. నేటికిని కారణము రూఢిగా తేలలేదు.

ఈ ప్రశ్న మనసులో పెట్టుకొని ఒక రోగి కాశీబుగ్గలో టీకొట్టు దగ్గర కూర్చుండెనా, తలకొక మాట వినవచ్చును. ‘‘నీరు బాగుగా త్రాగుము’’ అని ఒకరు. ‘‘కొబ్బరినీళ్లు చలువ’’ అని యొకరు. ‘‘ఫలాని ఊరిలో నాటుమందు ఇత్తురు’’ అని యొకరు. ‘‘ఊరు విడిచి పొమ్ము’’ అని వేరొకరు. చెప్పువానికి వినువాడు లోకువ యన్న సామెత యూరకే పుట్టలేదు. చెప్పువారు దుర్మార్గులు కారు; జాలిచేతనే చెప్పుదురు. కాని డయాలసిస్ దశకు వచ్చి మూత్రము తగ్గినవానికి అధికజలము ఊపిరితిత్తులలో చేరి ప్రాణము మీదికి తెచ్చును. కొబ్బరినీళ్లలోని పొటాషియము అట్టివాని గుండెకు ముప్పు. తన తోటలో కాచిన బొండమే తనకు కీడగు దశ యొకటి కలదని ఆ సలహాదారు ఎరుగడు.

ఇంకొక విధమైన సలహా పైనుండి వచ్చును: ‘‘మీ యలవాట్లు మార్చుకొనుడు.’’ నొప్పిబిళ్లలు మానుట మంచిదే. మద్యము మానుట మంచిదే. కాని ఆ మాటలో నొక నింద దాగియున్నది. కారణము తెలియని చోట రోగినే కారణముగా నిలిపి, అడిగినవానిని ముద్దాయిని జేయుట న్యాయమా?

న్యాయస్థానములలో ఒక మంచి పద్ధతి కలదు. సివిలు దావాలో మొదట వివాదాంశములు నిర్ణయింతురు. వానికి సంబంధింపని సాక్ష్యము ఎంత మధురముగా నున్నను పనికిరాదు. అడిగినదానికి బదులు చెప్పక ఉపన్యాసమునకు దిగు సాక్షిని వారింతురు. ‘‘ఎవరో చెప్పగా వింటిని’’ అనుమాట సాధారణముగా సాక్ష్యము కానేరదు. ఎకరము భూమి తగవునకు ఇంత నియమము పాటించు మనము, ప్రాణముల తగవునకు ఏ నియమమును పాటింపకుండుట వింత.

ప్రశ్నను విడువనివారికి ఫలము దక్కుననుటకు దృష్టాంత మొకటి కలదు. ఐరోపాలో డాన్యూబు ఉపనదుల తీరమున, సెర్బియా, క్రొయేషియా, బల్గేరియా మొదలగు దేశముల పల్లెలలో ఇట్టి వ్యాధియే 1950 దశాబ్దమున గుర్తింపబడినది. బావినీరని, ధాన్యమునకు పట్టు బూజని దీర్ఘకాలము వాదములు నడచినవి. సుమా రర్ధశతాబ్దము గడచిన పిదప, గోధుమచేలలో కలుపుగా మొలచు అరిస్టొలోకియా మొక్క గింజలు పిండిలో కలిసి విషమగుచున్నవని పరిశోధకులు నిర్ణయించిరి. ఉద్దానమునకును అదియే కారణమని మేమనుట లేదు. ‘‘ఎందుకు?’’ అను మాటను కొందరు పట్టువిడువక పట్టుకొనిరి గనుక సమాధానము దొరకెనని మాత్రమే మా మనవి.

కావున అడుగువారికి మా విన్నప మిది. ప్రశ్న నొక్కటిగా, స్పష్టముగా అడుగుడు. ఇదివరకు చేసినదియు, డాక్టరు చెప్పినదియు ముందే తెలుపుడు. సగము సలహాలు అచ్చటనే ఆగిపోవును. వచ్చిన సలహాను కోపింపక వినుడు, దండము పెట్టుడు, కాని ఆనాడే ఆచరింపకుడు. ‘‘ఇది మీకెట్లు తెలిసినది? నా దశలో నున్నవానికి ఇది తగునా?’’ అని అడుగుడు. క్రియాటినిన్ అంకెలు వ్రాసికొను పుస్తకములోనే దానిని వ్రాసి, టెక్కలిలోగాని పలాసలోగాని సోంపేటలోగాని మిమ్ము చూచు వైద్యునకు చూపుడు. అటుపిమ్మట మీ మొదటి ప్రశ్నను మరల అడుగుడు. సలహా దొరికినదని ప్రశ్నను మాత్రము విడువకుడు.

సలహాదారులకును ఒక మాట. నోరు విప్పుటకు ముందు, ‘‘మీకు కావలసినది సలహాయా, తోడా?’’ అని యడుగుడు. పెక్కుసారులు రోగికి కావలసినది ఆసుపత్రికి తోడువచ్చు మనిషి.

ప్రభుత్వముల విషయమునను ఇదే న్యాయము. 2023 డిసెంబరు 14వ తేదీన పలాసలో 200 పడకల ఆసుపత్రియు, మూత్రపిండముల పరిశోధనకేంద్రమును, హిరమండలము జలాశయమునుండి ఉద్దానమునకు త్రాగునీటిని తెచ్చు పథకమును ప్రారంభింపబడినవి. సంతోషము. ప్రజలు వీనిని కోరిరి, పొందిరి. అయినను నీరు వచ్చెను గదా, ఇక ప్రశ్న యెందుకని ఎవరైన ననినచో అంగీకరింపరాదు. మన పల్లెలనుండి తీసికొనిపోయిన రక్తమునకు, నీటికి, మట్టికి లెక్క చెప్పవలెను. పరిశోధనలలో తేలినదేమో, తేలనిదేమో తెలుగున వ్రాసి ప్రతి గ్రామసభలో చదివి వినిపింపవలెను.

‘‘ఇంకను తెలియదు, వెదకుచున్నాము’’ అనుట సిగ్గుపడదగిన మాట గాదు. నూరు ఉచితసలహాలకన్న నిజాయితీగల ఆ యొక్క వాక్యమే రోగికి ఎక్కువ గౌరవము. ఉద్దానము అడిగినది ప్రశ్న. దానికి సమాధానము ఋణపడియున్నాము.