పేరు అరువిచ్చిన వారిదే గుణ బాధ్యత

ప్రసిద్ధ ఆయుర్వేద సంస్థల పేర్లు గల దుకాణాలు నేడు నగరాలు దాటి చిన్న పట్టణాలకూ విస్తరించాయి. సంస్థ తన ట్రేడ్‌మార్కును వాడుకొనే అనుమతిని స్థానిక వ్యాపారికి ఇస్తుంది. అతడు అందుకు ప్రతిఫలం చెల్లిస్తాడు. దీనినే ఫ్రాంచైజీ అంటున్నారు. మా ఉరవకొండ వంటి కరవు సీమలో ఒక యువకునికి ఉపాధి లభించడం, రోగికి అనంతపురం ప్రయాణం తప్పడం మంచిదే. అయితే పేరుతోపాటు గుణం కూడా వస్తున్నదా అన్నది విచారించవలసిన విషయం.

వైద్యుడు, ద్రవ్యం, పరిచారకుడు, రోగి చికిత్సకు నాలుగు పాదాలని చరక సంహిత చెబుతుంది. ద్రవ్యం రసవీర్యాలతో నిండుగా ఉండాలని కూడా విధించింది. త్రిఫలా చూర్ణాన్నే తీసుకొందాం. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయల గింజలు తీసివేసి పెచ్చులను మాత్రమే చూర్ణం చేయాలి. గింజలతో దంచితే తూకం పెరుగుతుంది, గుణం తరుగుతుంది. మూత బిగించని డబ్బాలో చూర్ణం చెమ్మ పట్టి గడ్డకడుతుంది. వేసవి ఎండ తగిలే అద్దాల బీరువాలో తైలం చెడిపోతుంది. ఇవన్నీ కొనేవానికి పైకి కనిపించవు. త్రిఫల అన్న శాస్త్రనామం ఏ ఒక్కరి సొత్తూ కాదు గనుక, అతడు నమ్మేది డబ్బాపై ఉన్న సంస్థ పేరునే.

పాఠకులు గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. ఆయుర్వేద ఔషధాల తయారీకి లైసెన్సు తప్పనిసరి. తయారీశాలల శుభ్రత, పద్ధతులకు 2000లో షెడ్యూల్ టి నిబంధనలు వచ్చాయి. కాని చిల్లర అమ్మకానికి, అల్లోపతి మందుల దుకాణానికి వలె, ప్రత్యేకమైన డ్రగ్ లైసెన్సు అక్కరలేదు. కనుక దుకాణంలోని ఔషధాన్ని నిత్యం కనిపెట్టి ఉండగలిగినది పేరు యజమాని మాత్రమే.

చట్టం ఉద్దేశమూ ఇదే. 1995లో గుజరాత్ బాట్లింగ్, కోకా కోలా కంపెనీల వివాదంలో సుప్రీంకోర్టు ట్రేడ్‌మార్కును ఇతరులకు అనుమతించవచ్చునన్నది. అయితే ప్రజలు మోసపోరాదని, సరుకుకూ యజమానికీ వ్యాపార సంబంధం తెగిపోరాదని షరతులు పెట్టింది. 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం 2003లో అమలులోకి వచ్చింది. దాని ప్రకారం, ఒప్పందంలోని నాణ్యతా షరతులను అమలు చేయకపోతే వినియోగదారుగా చేసిన నమోదును రిజిస్ట్రారు రద్దు చేయవచ్చు.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో ప్రారంభించిన అమృతాంజనం పేరు నేటికీ నిలిచి ఉంది. ఏ ఊరిలో కొన్నా ఒకే మందు దొరుకుతుందన్న నమ్మకమే అటువంటి పేరుకు ప్రాణం. ఆ నమ్మకం ఒక దుకాణంలో చెడితే దాని నష్టం అన్ని ఊళ్లకూ పాకుతుంది.

కావున రుసుము వసూలు చేసుకొని ఊరుకొనే సంస్థను నేను సమర్థించలేను. ఒప్పందంలో నిల్వ పద్ధతి, తనిఖీ, గడువు తీరిన సరుకును వాపసు తీసుకొనే బాధ్యత స్పష్టంగా ఉండాలి. విడి చూర్ణాలను దుకాణంలో పొట్లాలు కట్టి సంస్థ పేరు అంటించడాన్ని పూర్తిగా నిషేధించాలి. ముందుగా హెచ్చరించకుండా నమూనాలు తీసి పరీక్షించాలి. ఈ సీమలో దుకాణం పెట్టదలచిన యువకులు సైతం ఇటువంటి షరతులు లేని ఒప్పందంపై సంతకం చేయరాదు. రేపు నింద మోయవలసినది వారే.

కొనేవారు బోర్డును చూసి తృప్తి పడక, తయారీదారు చిరునామా, లైసెన్సు సంఖ్య, బ్యాచ్ సంఖ్య, తయారైన తేదీ, గడువు తేదీ చూడాలి. అవి లేని ఔషధాన్ని, దానిపై ఎంత గొప్ప పేరున్నా, తిరిగి ఇచ్చివేయడమే ఆరోగ్యానికి క్షేమం.