కిలోమీటరు లెక్కలో కనిపించని ఖరీదు
కోటిపల్లి - నరసాపురం రైలుమార్గం: భారం వంతెనలదా? జాప్యానిదా?

అమలాపురం: కోనసీమకు రైలు ఎందుకు రాలేదన్న ప్రశ్నకు తరచూ వినిపించే సమాధానం ‘ఈ మార్గానికి ఖర్చు ఎక్కువ’ అన్నదే. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురం వరకు 57 కిలోమీటర్ల కొత్త రైలుమార్గం 2000-01లో మంజూరైంది. అప్పుడు అమలాపురం ఎంపీ జీఎంసీ బాలయోగి లోక్‌సభ స్పీకర్‌గా ఉన్నారు. 2002 మార్చిలో ఆయన హెలికాప్టర్ ప్రమాదంలో మరణించారు. మంజూరై పాతికేళ్లు నిండేనాటికి కూడా అమలాపురంలో రైలు కూత వినిపించలేదు. ఈలోగా అంచనా వ్యయాన్ని సుమారు రూ.2,120 కోట్లకు సవరించారు. అంటే కిలోమీటరుకు దాదాపు రూ.37 కోట్లు. ఈ అంకె నిజంగా అసాధారణమైనదేనా అన్నది ఇతర మార్గాలతో పోల్చి చూస్తేగాని తేలదు.

ఏ మార్గానికి ఎంత?

* మనోహరాబాద్ - కొత్తపల్లి (తెలంగాణ): 151 కి.మీ., 2006-07లో మంజూరు, అంచనా రూ.1,160 కోట్లు. కిలోమీటరుకు రూ.7.7 కోట్లు.
* ఓబులవారిపల్లె - కృష్ణపట్నం: సుమారు 112 కి.మీ., వ్యయం రూ.1,993 కోట్లు. కిలోమీటరుకు దాదాపు రూ.18 కోట్లు.
* కొంకణ్ రైల్వే: 741 కి.మీ., 1998లో పూర్తి, వ్యయం దాదాపు రూ.3,550 కోట్లు. కిలోమీటరుకు రూ.5 కోట్ల లోపే.
* ఉధంపూర్ - శ్రీనగర్ - బారాముల్లా: 272 కి.మీ., 2025 జూన్‌లో చివరి భాగం ప్రారంభం, వ్యయం దాదాపు రూ.43,780 కోట్లు. కిలోమీటరుకు రూ.161 కోట్లు.
* ముంబయి - అహ్మదాబాద్ బుల్లెట్ రైలు: 508 కి.మీ., తొలి అంచనా రూ.1.08 లక్షల కోట్లు. కిలోమీటరుకు రూ.212 కోట్లు.

అంకెలను ఇలా వరుసగా పేర్చితే కోనసీమ మార్గం మధ్యలో ఎక్కడో నిలుస్తుంది. అయితే ఈ పోలికను యథాతథంగా తీసుకోవడం సరికాదు.

పోలికలో చిక్కులు

మొదటిది కాలం. కొంకణ్ రైల్వే ఖర్చు 1990ల నాటి ధరల్లో జరిగింది. నాటి రూపాయికి, నేటి రూపాయికి పొంతన లేదు. రెండోది నేల తీరు. మనోహరాబాద్ మార్గం దక్కన్ పీఠభూమి మీద సాగుతుంది. కాశ్మీర్ మార్గంలో 36 సొరంగాల పొడవే 119 కిలోమీటర్లు. మూడోది, లెక్కలో ఏమేమి చేర్చారన్నది. కొంకణ్ రైల్వే కార్పొరేషన్ బాండ్లు జారీ చేసి నిధులు సమీకరించింది. అందువల్ల వడ్డీ భారం ప్రాజెక్టు వ్యయంలో కలిసింది. బుల్లెట్ రైలు అంచనాలోనూ నిర్మాణ కాలపు వడ్డీ, ధరల పెరుగుదల, సుంకాలు ఉన్నాయి. బడ్జెట్ నిధులతో సాగే మార్గాలకు ఆ వడ్డీ లెక్కలోకి రాదు. ఖర్చు చేసిన సొమ్ము ఏళ్ల తరబడి ఫలితం లేకుండా పడి ఉన్నా ఆ నష్టం కాగితాలపై కనిపించదు.

కృష్ణపట్నం నేర్పే పాఠం

కోనసీమ మార్గానికి సరైన పోలిక మన రాష్ట్రంలోనే ఉంది. ఓబులవారిపల్లె - కృష్ణపట్నం మార్గానికి వెలికొండలు అడ్డుగా నిలిచాయి. చెర్లోపల్లి, రాపూరు మధ్య 6.6 కిలోమీటర్ల సొరంగం తవ్వవలసి వచ్చింది. ఆ ఒక్క సొరంగానికే సుమారు రూ.460 కోట్లు, అంటే కిలోమీటరుకు దాదాపు రూ.70 కోట్లు ఖర్చయింది. అయినా 43 నెలల్లో సొరంగం పూర్తయి, 2019 సెప్టెంబరు 1న అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు చేతుల మీదుగా జాతికి అంకితమైంది.

కొండను తొలచడం గోదావరిపై వంతెన కట్టడం కన్నా తేలికేమీ కాదు. తేడా నిధుల ఏర్పాటులో ఉంది. ఆ మార్గానికి కృష్ణపట్నం రైల్వే కంపెనీ పేరిట ప్రత్యేక సంస్థ ఏర్పడింది. రైల్ వికాస్ నిగమ్, రాష్ట్ర ప్రభుత్వం, ఓడరేవు యాజమాన్యం, ఎన్‌ఎండీసీ అందులో వాటాదారులు. రేవుకు సరకు చేరాలన్న అవసరం వారందరిదీ. ఏటా బడ్జెట్ కేటాయింపుల కోసమే ఎదురుచూడవలసిన స్థితి దానికి లేదు. 2005-06లో మంజూరైన ఆ మార్గం కూడా ఆలస్యంగానే ముగిసిందన్నది నిజమే, కానీ ముగిసింది.

మూడు వంతెనలు... అన్నీ పూర్తయితేనే

కోనసీమ సమస్య వేరు. గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయల మధ్య ఉన్న ఈ లంక సీమలోకి రైలు రావాలంటే ముందు నది దాటాలి. మనోహరాబాద్ మార్గాన్ని ముక్కలుగా వాడుకోవడం సాధ్యమైంది. 2023 అక్టోబరులో సిద్దిపేట వరకు ప్రయాణికుల రైలు నడిచింది. వేసిన మేరకు పట్టాలు అక్కరకు వచ్చాయి. కోటిపల్లి మార్గంలో ఆ వీలు లేదు. గౌతమిపై వంతెన పూర్తికానిదే అమలాపురానికి రైలు రాదు. మిగిలిన రెండూ పూర్తికానిదే నరసాపురంతో అనుసంధానం కుదరదు. నదిలో స్తంభాలు లేచినంత మాత్రాన ఒక్క టిక్కెట్టు ఆదాయమైనా రాదు. అందుకే కొద్దికొద్దిగా నిధులు విదిల్చే పద్ధతి మరే మార్గానికన్నా దీనికే ఎక్కువ చేటు చేసింది.

జాప్యం ధర ఎంతో చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. నిర్మాణ వ్యయం ఏటా 6 శాతం పెరుగుతుందనుకుంటే, నేడు రూ.100తో ముగిసే పని పాతికేళ్ల తర్వాత రూ.429 అడుగుతుంది. భూమి ధర దీనికి అదనం. 2013 భూసేకరణ చట్టం వచ్చాక గ్రామీణ భూములకు మార్కెట్ విలువపై రెండు రెట్ల వరకు గుణకం, దానిపై నూరు శాతం సొలేషియం చెల్లించాలి. రైతుకు న్యాయమైన ఈ పరిహారం, సేకరణను వాయిదా వేసిన ప్రభుత్వాలకు మాత్రం అదనపు భారమైంది. కొబ్బరి తోటలు, చిన్న కమతాలు నిండిన కోనసీమలో ఆ భారం మరింత ఎక్కువ.

వాటాల చిక్కుముడి

ఈ ప్రాజెక్టు వ్యయంలో 25 శాతం రాష్ట్రం భరించాలన్నది ఒప్పందం. రూ.2,120 కోట్లపై అది రూ.530 కోట్లవుతుంది. రాష్ట్రం వాటా జమ చేయలేదని కేంద్రం, కేటాయింపులు చాలడం లేదని రాష్ట్రం చెప్పుకోవడానికి ఈ ఒప్పందం ఆస్కారమిచ్చింది. ప్రభుత్వాలు మారినా వాదన మారలేదు. అంచనా పెరిగిన కొద్దీ రాష్ట్రం వాటా కూడా పెరుగుతుంది కనుక, చెల్లింపును వాయిదా వేయడం వల్ల రాష్ట్రానికి మిగిలేది పొదుపు కాదు, మరింత పెద్ద బాకీ.

ఈలోగా అమలాపురం ప్రయాణికుడు రైలెక్కాలంటే నది దాటి పొరుగు జిల్లాలకు వెళ్లవలసిందే. కొబ్బరి, ధాన్యం, రొయ్యలు లారీల మీదే సాగుతున్నాయి. ఆ కిరాయిల భారం ఏ అంచనా పట్టికలోనూ లేదు.

ఇకపై బడ్జెట్ వచ్చినప్పుడల్లా కేటాయింపు అంకెను చూసి సంబరపడటమో, నిరాశ చెందడమో చాలదు. ఎంత భూమి చేతికి వచ్చింది, రాష్ట్రం వాటా ఎంత జమైంది, ఏ వంతెన ఏ నెలకు పూర్తవుతుంది అన్న మూడు ప్రశ్నలకు ప్రజాప్రతినిధుల నుంచి సమాధానం రాబట్టాలి. కిలోమీటరుకు రూ.37 కోట్లు మోయలేని ఖర్చు కాదని ఇతర మార్గాలు రుజువు చేశాయి. పని ముగిసే తేదీ లేనంత కాలం ఆ అంకె పెరుగుతూనే ఉంటుంది.