ముసలివాళ్ల నీడ మీద పన్ను

గేదె పాలిస్తుంది, చేను పంటనిస్తుంది. మనిషి తానుండే ఇల్లు మాత్రం ఒక్క కాసు రాల్చదు. అయినా దానికి ఏటా పన్ను కట్టాలి. ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లు కూలి డబ్బుల్లోంచి తీసి కడతాం. రెక్కలుడిగాక ఎక్కణ్ణుంచి తెచ్చి కట్టాలి? ఈ ప్రశ్న మన పల్లెల్లోనే కాదు, అమెరికాలోనూ ఉంది. అక్కడ వెతికిన దారిలో మంచీ ఉంది, మోసమూ ఉంది. రెండూ మనం తెలుసుకోవాలి.

అమెరికాలో స్థానిక సంస్థలకూ బడులకూ ఇంటిపన్నే పెద్ద ఆధారం. బజారు ధరను బట్టి పన్ను వేస్తారు. చుట్టుపక్కల స్థలాల ధర పెరిగితే, పింఛను మీద బతికే ముసలమ్మ ఇంటి పన్నూ పెరుగుతుంది. ఆమె ఆదాయం మాత్రం పెరగదు. అందుకని చాలా రాష్ట్రాలు ‘హోంస్టెడ్’ మినహాయింపు పెట్టాయి. హోంస్టెడ్ అంటే యజమాని స్వయంగా కాపురముండే ఇల్లూ దాని స్థలమూ. ఇంటి విలువలో కొంత తీసేసి మిగతాదానికే పన్ను వేస్తారు. టెక్సాస్ ఓటర్లు 2025 నవంబరులో బడి పన్నుకు ఈ తగ్గింపును 1,40,000 డాలర్లు చేశారు. 65 ఏళ్లు నిండినవాళ్లకు మరో 60,000 ఇచ్చారు. అంటే రెండున్నర లక్షల డాలర్ల ఇంటికి వృద్ధులు 50,000 మీదే బడి పన్ను కడతారు.

పన్ను బాకీ పడితే ఏమవుతుందో మినియాపోలిస్‌లో చూశాం. ఒక వృద్ధురాలు తన ఇల్లు వదిలి వృద్ధుల నివాసానికి వెళ్లింది. పాత ఇంటి పన్ను బాకీ వడ్డీలు, జరిమానాలతో 15,000 డాలర్లయింది. కౌంటీ ఆ ఇంటిని 40,000కు అమ్మి, మిగిలిన 25,000 కూడా మింగేసింది. 2023లో, ఆమెకు 94 ఏళ్లప్పుడు, అది చెల్లదని సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది.

ఇక మోసం సంగతి. ఒహాయోలో 1970లో పేద వృద్ధుల కోసం మినహాయింపు తెచ్చారు. 2007లో ఆదాయంతో పని లేకుండా వృద్ధులందరికీ ఇచ్చేశారు. మేడలున్న ముసలి దొరకూ అదే, గుడిసెలో ముసలికూ అదే! 2014 నుంచి కొత్తగా చేరేవాళ్లకు మళ్లీ ఆదాయ పరిమితి పెట్టాల్సి వచ్చింది. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్నే లేదు. ఖజానాకు ముఖ్య రాబడి అమ్మకపు పన్ను. బడులకు తగ్గిన సొమ్మును ఆ ఖజానా నుంచే పూడుస్తారు. అంటే కూలీ కొనే చొక్కా మీదా చెప్పుల మీదా వసూలైన డబ్బుతోనే. అద్దె కొంపలో ఉన్న కూలీకి ఈ మినహాయింపు దక్కనే దక్కదు.

హోంస్టెడ్ రక్షణ మొదట పన్ను కోసం పుట్టలేదు. 1839లో టెక్సాస్‌లో అప్పిచ్చినవాళ్లు కుటుంబాన్ని వీధిన పడేయకుండా 50 ఎకరాలు, లేదా పట్నంలో ఒక ఇంటి స్థలం జప్తు చేయరాదని చట్టం చేశారు. అలాంటిది మనకూ ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను కింద రైతు, కూలీ, ఇంటిపనివారు తాముండే సొంత ఇంటిని అప్పు డిక్రీకి జప్తు చేయకూడదు. కూలీలను 1976 సవరణలో చేర్చారు. ఇల్లు తాకట్టు పెడితే మాత్రం ఈ రక్షణ నిలవదు. పన్ను భారాన్నీ ఇది తగ్గించదు.

ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2020లో ఆస్తి విలువను బట్టి పన్ను పద్ధతి తెచ్చినప్పుడు, 375 చదరపు అడుగుల లోపు ఇళ్లకు ఏడాదికి 50 రూపాయలన్నారు. అక్కడ చూసింది ఇంటి కొలతనే గాని ఇంట్లో సంపాదించే చేతులున్నాయా అని కాదు.

కాబట్టి మన కోరికలు తేటగా ఉండాలి. 60 దాటి, కూలి, పింఛను తప్ప వేరే ఆదాయం లేనివాళ్లు కాపురముండే ఇంటికి పన్ను పూర్తిగా తీసేయాలి. చేతిలో పట్టా లేదన్న సాకు చెప్పరాదు. బాకీ ఉందని మంచినీళ్ల పంపు కట్ చేయరాదు. ఆ మేరకు పంచాయతీకి తగ్గే రాబడిని ప్రభుత్వం గ్రాంటుగా ఇవ్వాలి. ఆ డబ్బు పేదల ఉప్పూ పప్పుల మీద కాదు, పెద్ద భవనాల మీద రాబట్టాలి.

కార్యకర్తలు పేటపేటకూ తిరిగి పన్ను బాకీ ఉన్న వృద్ధుల జాబితా రాయాలి. గ్రామసభలో ఆ జాబితా చదవాలి, తీర్మానం చేయించాలి. జీవితమంతా ఊరి పొలాలు పండించినవాళ్లను కడపటి రోజుల్లో నీడకు కూడా వెల కట్టమనడం న్యాయమా అని అక్కడే అడగాలి.